బళ్ళో మత్తుమందుల అవగాహన: ర్యాలీలూ ప్రతిజ్ఞలూ కాకుండా ఏం చేయొచ్చు?

నల్లబల్ల:
అందరికీ నమస్కారం. హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఈమధ్య మా బడి బాత్‌రూములో ఈ-సిగరెట్ దొరికింది. ఆ గొడవ సద్దుమణగక ముందే తొమ్మిదో తరగతి పిల్లాడొకడు చేతిరుమాలు మీద వైట్‌నర్ పోసుకుని పీలుస్తూ ఆయమ్మ కంటబడ్డాడు. ఇక మేనేజ్‌మెంట్‌కి కంగారు పుట్టింది. జూన్ 26న మాదకద్రవ్య వ్యతిరేక దినం కదా, ఆ రోజు ఒక ర్యాలీ, అందరి చేతా ప్రతిజ్ఞ, పుచ్చిపోయిన ఊపిరితిత్తుల ఫొటోలు, ఒకప్పుడు మత్తుకు బానిసై బయటపడ్డవారి ప్రసంగం, ఇదీ ప్లాను. బాధ్యత నా నెత్తిన పెట్టారు.

చేసేస్తాను, ఫొటోలు బాగానే వస్తాయి. కానీ ఆ మర్నాడు బాత్‌రూములో ఏం మారుతుంది? పిల్లలతో పనిచేసినవాళ్ళు, ఈ సమస్యను దగ్గరగా చూసినవాళ్ళు ఉంటే చెప్పండి. ఉత్త నీతులు వద్దు, అవి నా దగ్గరే చాలా ఉన్నాయి.

మాజీఖాకీ:
మేడమ్, ఖాకీ చొక్కాలో ఉన్నన్నాళ్ళూ ఇలాంటి ప్రసంగాలు నేనూ చేశాను. స్కూలువాళ్ళు పిలిచేవారు, శాలువా కప్పేవారు. స్టేజీ మీద నుంచి గంజాయి ఎలా ఉంటుందో, పొట్లాలు ఎలా కడతారో, ఎక్కడ దాచి అమ్ముతారో వర్ణించి చెప్పేవాణ్ణి. ఓ రోజు ప్రశ్నల సమయంలో ఒక కుర్రాడు లేచి "సార్, వాసన రాకుండా తాగేది ఏదైనా ఉంటుందా?" అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. టీచర్లు వాడిని కూర్చోబెట్టారు. నాకు మాత్రం వాడు శ్రద్ధగా విన్నాడనే అనిపించింది.

అంకెలరాయుడు:
మాజీఖాకీ గారి అనుభవానికి పెద్ద ఎత్తున సాక్ష్యం ఉంది. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలిస్ పోలీసులూ అక్కడి పాఠశాలలూ కలిసి "డేర్" అనే కార్యక్రమం మొదలుపెట్టారు. యూనిఫాంలో ఉన్న పోలీసు తరగతికి వచ్చి పాఠం చెప్పడం, పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించడం, టీ షర్టులివ్వడం. తల్లిదండ్రులకి నచ్చింది, పోలీసులకి నచ్చింది, నాయకులకి మరీ నచ్చింది. దేశమంతా పాకింది.

తర్వాత పరిశోధకులు లెక్కలు తీశారు. 1994లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాల్లో కొన్నిటిని కలిపి చూస్తే, మత్తు వాడకం మీద దాని ప్రభావం ఉందీ లేదన్నంత స్వల్పం. 1999లో ఇంకో అధ్యయనం వచ్చింది. ఆరో తరగతిలో ఆ పాఠాలు విన్న పిల్లల్ని ఇరవయ్యేళ్ళ వయసులో మళ్ళీ వెతికి పట్టుకుని అడిగారు. విన్నవాళ్ళకీ విననివాళ్ళకీ తేడా లేదు. సుమారు వెయ్యిమంది మీద చేసిన పని అది. చివరికి డేర్ వాళ్ళే 2009లో పాత పాఠాలు పక్కనపెట్టి వేరే పద్ధతికి మారారు.

ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల, నేరాల కార్యాలయం 2013లో నివారణకు అంతర్జాతీయ ప్రమాణాలు అచ్చువేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి 2018లో రెండో కూర్పు తెచ్చింది. అందులో పనిచెయ్యనివి, లేదా ఎదురు తిరిగేవి అని ఒక పట్టిక ఉంది. ఉపన్యాసాలు, భయపెట్టే సమాచారం, పోలీసుల చేత పాఠాలు చెప్పించడం, మాజీ వాడకందార్ల అనుభవ ప్రసంగాలు. నల్లబల్ల గారూ, మీ మేనేజ్‌మెంట్ ఆ పట్టికను ముందు పెట్టుకుని ప్లాను గీసినట్టుంది.

గళ్ళచొక్కా:
బాగుంది. అంటే ఏమీ చెయ్యొద్దంటారు. నాకు ఎనిమిదిలో కొడుకున్నాడు. వాడి పక్క బెంచీలో ఒకడు మత్తు పీలుస్తుంటే నేను ఐక్యరాజ్యసమితి పట్టికలు చదువుకుంటూ కూర్చోవాలా? బుట్టలో ఒక పండు కుళ్ళితే ఏం చేస్తాం? తీసి పారేస్తాం. వాడికి టీసీ ఇచ్చి పంపండి. మిగతావాళ్ళకి అదే పాఠం.

అంకెలరాయుడు:
తీసి పారేసిన పండు ఎక్కడికి పోతుందన్నదే ప్రశ్న సార్. ఇంకో బుట్టలోకి పోతుంది, లేదా మీ వాడు సాయంత్రం ఆడుకునే చోటికి.

ఉత్తమాటలు కావు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, ఆస్ట్రేలియాలోని విక్టోరియా, ఈ రెండుచోట్ల బళ్ళను పోల్చి 2015లో ఒక అధ్యయనం వచ్చింది. దొరికిన పిల్లల్ని సస్పెండ్ చేసే బళ్ళలో మరుసటి ఏడాది గంజాయి తాగే అవకాశం 1.6 రెట్లు ఉంది. గమనించండి, సస్పెండైన పిల్లాడొక్కడికే కాదు, బడి మొత్తానికి. కౌన్సెలర్ దగ్గరికి పంపే బళ్ళలో ఆ అవకాశం దాదాపు సగం తక్కువ. దీన్నిబట్టి ఇదే కారణం అని ఒట్టేసి చెప్పలేం, అది పోలిక మాత్రమే. కానీ టీసీ ఇస్తే మిగతావాళ్ళు బాగుపడతారన్న నమ్మకానికి అందులో ఆసరా ఏమీ దొరకలేదు.

రాత్రిడ్యూటీ:
డీ-అడిక్షన్ వార్డులో నర్సుని. ఆలస్యంగా చూశాను, కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, క్షమించండి.

మా దగ్గరికి వచ్చేసరికి చాలామందికి ఇరవై దాటి ఉంటాయి. అడ్మిషన్ కాగితంలో "మొదట ఎప్పుడు" అనే గడి ఉంటుంది. అక్కడ రాసే వయసు పదమూడు, పద్నాలుగు. మొదటి వస్తువు కూడా సినిమాల్లో చూపించే తెల్లపొడి కాదు. సిగరెట్, వైట్‌నర్, పంక్చర్లకి వాడే సొల్యూషన్, ఇంట్లో పెద్దవాళ్ళ నిద్రమాత్రలు, దగ్గుమందు. బడి చుట్టూ కాపలా కాసేవాళ్ళు ఇంట్లో మందుల డబ్బా గురించి ఆలోచించరు. మాత్రలు దుర్వినియోగం చేసేవాళ్ళలో ఎక్కువమందికి అవి స్నేహితుల నుంచో ఇంట్లోవాళ్ళ నుంచో వస్తాయని సర్వేలు చెబుతున్నాయి. ఆపరేషన్ అయ్యాక మిగిలిపోయిన నొప్పి మాత్రలు ఏ ఇంట్లో చూసినా ఉంటాయి. ముందు వాటికి తాళం వెయ్యండి.

ఇంకో గడి ఉంటుంది, "ఎందుకు" అని. మొదటిసారికి జవాబు సరదా, ఫ్రెండ్సు, అంతే. రెండోసారికి, పదోసారికి జవాబులు వేరు. నిద్ర పట్టేది కాదు. తరగతిలో కుదురుగా కూర్చోలేకపోయేవాణ్ణి, తిట్లు తినేవాణ్ణి. నాన్న కొట్టేవాడు. అమ్మ పోయింది. నలుగురిలో మాట్లాడాలంటే చేతులు వణికేవి, అది పీలిస్తే వణికేవి కావు. మనం మొదటి జవాబుకి పోస్టర్లు వేస్తున్నాం. రెండో జవాబు అడిగే మనిషి బళ్ళో ఎవరూ లేరు.

ప్యాట్రీషియా కాన్‌రాడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సరిగ్గా ఈ రెండో జవాబునే పట్టుకుని "ప్రివెంచర్" అని ఒక పద్ధతి తయారుచేశారు. ప్రతిదానికీ నిరాశపడేవాళ్ళు, భయంతో ముడుచుకుపోయేవాళ్ళు, ముందూ వెనకా చూడకుండా దూకేవాళ్ళు, థ్రిల్లు కోసం వెంపర్లాడేవాళ్ళు, ఇలా నాలుగు స్వభావాలు. ఒక ప్రశ్నావళితో ఆ స్వభావం ఎక్కువగా ఉన్న పిల్లల్ని గుర్తించి, వాళ్ళ తీరుతో వాళ్ళు ఎలా నెగ్గుకురావాలో తొంభై నిమిషాల చొప్పున రెండుసార్లు కూర్చోబెట్టి నేర్పుతారు. మత్తుమందుల ప్రస్తావన అందులో చాలా తక్కువ. ఫలితాలు మాత్రం మత్తు వాడకంలో కనిపించాయి.

నల్లబల్ల గారూ, ఒక ముఖ్యమైన సంగతి, మీ ఆయమ్మకీ పీఈటీకీ ఈరోజే చెప్పండి. వైట్‌నర్, థిన్నర్, జిగురు లాంటివి పీల్చినప్పుడు గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. మొదటిసారికే ప్రాణం పోయిన కేసులు వైద్యులు నమోదు చేశారు. ఆ సమయంలో పిల్లాడిని గట్టిగా అదిలించినా, తరిమినా, పరుగెత్తించినా ప్రమాదం పెరుగుతుంది. అరవకండి. చేతిలోది మెల్లగా తీసుకోండి, గాలి తగిలేచోట కూర్చోబెట్టండి, ఒంటరిగా వదలకండి. మనిషి కుప్పకూలితే అంబులెన్సుకి ఫోను, ఊపిరి ఆడకపోతే గుండె మీద నొక్కడం. తిట్లు రేపు తిట్టుకోవచ్చు.

నల్లబల్ల:
సిస్టర్, ఇది నాకు తెలియదు. మా వాళ్ళు ఆ పిల్లాడి వెంట గ్రౌండు దాకా పరుగెత్తారు. రేపు స్టాఫ్‌రూములో మొదట చెప్పేది ఇదే.

వెనకబెంచి:
నేను చదువుకుంటున్నా, ఇక్కడ రాయొచ్చో లేదో తెలీదు. మాకూ ఇలాంటి ప్రోగ్రాములు పెట్టారు. "ఒక్కసారి ముట్టుకుంటే జీవితం అయిపోతుంది" అన్నారు. మాకు తెలిసిన సీనియర్లు తాగుతారు, వాళ్ళు మాకంటే మంచి మార్కులు తెచ్చుకుంటున్నారు. అప్పుడు మిగతావి కూడా అబద్ధమే అనిపిస్తుంది. పైగా అంత పెద్ద మీటింగు పెట్టారంటే మనం తప్ప అందరూ తాగుతున్నారేమో అనిపించింది.

అంకెలరాయుడు:
తమ్ముడూ, నీ చివరి వాక్యాన్ని కొందరు ఆచార్యులు ఎంతో డబ్బు ఖర్చుపెట్టి కనుక్కున్నారు.

అమెరికా ప్రభుత్వం 1998 నుంచి 2004 దాకా దాదాపు వంద కోట్ల డాలర్లు పోసి పిల్లలు మత్తు జోలికి పోకుండా టీవీల్లో ప్రకటనలు వేయించింది. ఫలితాన్ని కొలిచిన బృందం 2008లో అచ్చువేసిన మాట: వాడకం తగ్గిన జాడ లేదు. ప్రకటనలు ఎక్కువ చూసిన పిల్లల్లో కొందరికి, గంజాయి తాగడం అందరూ చేసే పనే అన్న భావన బలపడినట్టు కూడా కనిపించింది.

దీనికి వెనక 1986 నాటి ఒక పరిశీలన ఉంది. పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అనే ఇద్దరు కాలేజీ పిల్లల్ని "మీ తోటివాళ్ళు మద్యం గురించి ఏమనుకుంటారు?" అని అడిగారు. చాలామంది తమకంటే తోటివాళ్ళు బరితెగించి ఉన్నారనుకున్నారు. ఆ తోటివాళ్ళూ అదే అనుకున్నారు. లేని గుంపులో కలవడానికి పిల్లలు తాగుతారు. కాబట్టి మీ బళ్ళో వందలో ఎనభై మంది ఎప్పుడూ ముట్టలేదు అని నిజంగా సర్వేలో తేలితే, ఆ అంకె గోడ మీద రాయడం ఊపిరితిత్తుల బొమ్మ కంటే నయం. ఎనభై అన్నది ఉదాహరణకే, మీ అంకె మీరు లెక్కపెట్టుకోవాలి.

రాత్రిడ్యూటీ:
వెనకబెంచి బాబూ, నువ్వు రాయాల్సిందే. ఒక్కటి సరిదిద్దుతాను. వైట్‌నర్ లాంటి పీల్చే వాటికి "ఒక్కసారి" అన్న మాట అబద్ధం కాదు, పైన చెప్పాను కదా. గంజాయికి అది అబద్ధం. దాని ముప్పు వేరే రకం: వాడినవాళ్ళందరినీ తీసుకుంటే సుమారు వందలో తొమ్మిదిమంది దానికి బందీలవుతారు, పదుల వయసులో మొదలుపెట్టినవాళ్ళలో అది ఆరుగురిలో ఒకరు. మెదడులో ముందుభాగం, అంటే ఆగి ఆలోచించే భాగం, ఇరవై అయిదేళ్ళ వరకూ తయారవుతూనే ఉంటుంది. ఆ సీనియర్ల మార్కులు ఈ ఏడాదివి. ప్రతి వస్తువుకీ దాని నిజం దానికి చెబితే మీ వయసువాళ్ళు నమ్ముతారనే నా నమ్మకం.

అమ్ములువాళ్ళమ్మ:
నా ప్రశ్న బడి గురించి కాదు. మా పెద్దవాడి బ్యాగులో సిగరెట్ కాగితం లాంటి పల్చటి కాగితాలు, చిన్న కత్తెర దొరికాయి. వాడికి పదహారు. ఇంకా ఏమీ అనలేదు. వాళ్ళ నాన్నకి చెబితే చెయ్యి చేసుకుంటారు. ఎలా మొదలుపెట్టాలి?

గళ్ళచొక్కా:
అమ్మా, నాలుగు తగిలిస్తే దార్లోకి వస్తాడు. మా నాన్న మమ్మల్ని అలాగే పెంచాడు.

ఒడ్డునపడ్డా:
మా నాన్న కూడా అన్నా. అందుకే నేను మత్తుకు బానిసైనప్పుడు దాన్ని దాచడంలో ఆరితేరాను.

రాత్రిడ్యూటీ:
అమ్మా, ముందు అతను మత్తులో లేని సమయం చూసుకోండి. మత్తులో ఉన్నవాడితో మాట్లాడితే మర్నాడు ఇద్దరికీ గుర్తుండేది అరుపులే. ఎదురెదురుగా కూర్చోకండి, పక్కపక్కన నడుస్తూనో ఏదైనా పని చేసుకుంటూనో అయితే పిల్లలు ఎక్కువ మాట్లాడతారు. దొరికింది దొరికినట్టు చెప్పండి, వల వేసి పట్టుకోవద్దు. "ఎవరిచ్చారు?" అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. ఆ ప్రశ్నతో అతను స్నేహితుల వైపు వెళ్ళిపోతాడు, మీరు పోలీసు వైపు.

మేము వార్డులో మొదట అడిగేది వింతగా ఉంటుంది. "దానివల్ల నీకేం బాగుంటుంది?" అంటాం. విలియం మిల్లర్ అనే ఆయన 1983లో రాసిన పద్ధతిలోంచి వచ్చిందిది. మనిషిని మార్చేది మన వాదన కాదు, అతని నోటితో అతనే చెప్పుకునే కారణం అన్నది ఆయన గమనించిన విషయం. బాగున్నది చెప్పాక "మరి బాగోలేనిది?" అంటే చాలామంది వాళ్ళే మొదలుపెడతారు. విన్నాక మీ హద్దు మీరు చెప్పండి: ఇంట్లో వాడటానికి ఒప్పుకోను, బండి నడపడానికి తాళమివ్వను. వినడం అంటే ఒప్పుకోవడం కాదు.

నిద్ర, తిండి, స్నేహితులు, మార్కులు, నాలుగూ ఒకేసారి మారిపోయాయా? మనుషులకి దూరంగా కూర్చుంటున్నాడా? లేనివి వినబడుతున్నాయంటున్నాడా? చనిపోవాలన్న మాటలేమైనా? వీటిలో ఏదున్నా మా లాంటి చోటికి వెంటనే తీసుకురండి, "చూద్దాం" వద్దు. ఇవేవీ లేకపోతే హడావిడి పడకండి, కాగితాలు దొరికినంత మాత్రాన బానిస అని కాదు.

అమ్ములువాళ్ళమ్మ:
వాళ్ళ నాన్న సంగతి?

ఒడ్డునపడ్డా:
అక్కా, ఆయనకి కూడా చెప్పండి, కానీ ముందు మీరు మాట్లాడి, తర్వాత. ఇంట్లో ఒకరు దాచి ఒకరు కొడితే మధ్యలో మాకు చాలా చోటు దొరుకుతుంది. అమ్మ దగ్గర డబ్బు, నాన్న మీద కోపం, రెండూ వాడుకుంటాం. మీరిద్దరూ ఒకే మాట మీద ఉండటం అన్నిటికంటే నచ్చని విషయం మాకు.

నల్లబల్ల గారు అడిగిన ప్రసంగం గురించి కూడా రాస్తాను, ఎందుకంటే నన్నూ పిలుస్తుంటారు. వెళ్ళేవాణ్ణి. కథ చెబుతుంటే ముందు వరసలో పిల్లలు ఏడ్చేవాళ్ళు, చప్పట్లు మోగేవి. దిగి వస్తుంటే వెనక వరసలోంచి ఇద్దరు ముగ్గురు వచ్చి చుట్టూ మూగేవాళ్ళు. వాళ్ళకి నా కష్టాలు అక్కర్లేదు. రాత్రుళ్ళు ఎక్కడ తిరిగేవాళ్ళం, పోలీసుల నుంచి ఎలా తప్పించుకున్నాం, అవి కావాలి. ఇంకో సంగతి, నేను వాళ్ళ ముందు నిలబడ్డాను, బాగున్నాను, మైకు పట్టుకున్నాను. అంటే ఎంత దిగినా పైకి రావచ్చన్న ధీమా ఇచ్చాను. నాతో కలిసి తిరిగినవాళ్ళలో రానివాళ్ళు ఎవరూ మైకు పట్టుకోలేరు కదా.

ఇప్పుడు పిల్లల మీటింగులకి వెళ్ళను. టీచర్లు, తల్లిదండ్రులు కూర్చుంటే వెళ్తాను. వాళ్ళకి నేను పనికొస్తాను. ఏ అబద్ధం ఎలా చెప్పేవాళ్ళమో, ఎవరు ఏమడిగి ఉంటే ఆగేవాళ్ళమో చెబుతాను.

పర్యవేక్షకులు:
ఎక్కడ దొరుకుతుంది, ఎంతకి దొరుకుతుంది లాంటి వివరాలున్న రెండు పోస్టులు తీసేశాం. చర్చ కొనసాగించండి.

పీటీసార్:
ఇంత చర్చ ఎందుకండీ. గ్రౌండు ఇవ్వండి, బంతి ఇవ్వండి, పిల్లలు అలిసిపోయి ఇంటికెళ్ళి పడుకుంటారు. ఐస్‌లాండ్ వాళ్ళు చేసింది అదే, ఆటలు పెట్టి మత్తు తరిమేశారు.

అంకెలరాయుడు:
సార్, ఐస్‌లాండ్ పేరెత్తారు కాబట్టి పూర్తిగా చెప్పుకుందాం. ఆ కథని అందరూ సగమే చెబుతారు.

1998లో అక్కడ పదిహేను, పదహారేళ్ళ పిల్లల్లో 42 శాతం ముందు నెలలో ఒక్కసారైనా ఒళ్ళు తెలియకుండా తాగినవాళ్ళే. 2016కి అది 5 శాతం. రోజూ సిగరెట్ తాగేవాళ్ళు 23 నుంచి 3 శాతానికి, ఎప్పుడైనా గంజాయి ముట్టినవాళ్ళు 17 నుంచి 7 శాతానికి పడిపోయారు. ఆటల వంతు నిజమే. రేక్యవిక్ నగరంలో ప్రతి పిల్లాడి పేరునా ఆటకో సంగీతానికో కట్టుకోవడానికి ఏటా డబ్బు ఇస్తారు. కానీ అది ఖాళీ గ్రౌండులో వదిలేయడం కాదు. శిక్షకుడున్న, వేళాపాళా ఉన్న ఆట. పెద్దవాళ్ళెవరూ లేకుండా గుంపుగా తిరిగే సమయాన్ని తగ్గించడం దాని అసలు ఉద్దేశం.

రెండోది తల్లిదండ్రులు. ఏడాదికోసారి ఉపన్యాసం వినమనలేదు. వారం మధ్యలో పిల్లలతో మామూలుగా సమయం గడపమన్నారు, వాళ్ళ స్నేహితుల పేర్లు, ఆ స్నేహితుల అమ్మానాన్నల పేర్లు తెలుసుకోమన్నారు. తల్లిదండ్రులందరూ కూర్చుని, మద్యం కొనివ్వం, పెద్దవాళ్ళు లేని పార్టీలకి పంపం అని ఒప్పందం రాసుకున్నారు. ఒక్క ఇంట్లోనే నియమం ఉంటే "వాళ్ళింట్లో ఒప్పుకుంటారుగా" అంటాడు పిల్లాడు. అందరూ కలిస్తే ఆ మాటకి తావు లేదు. 1997 నుంచి 2012 మధ్య, అమ్మానాన్నలతో ఎక్కువగా సమయం గడుపుతున్నామన్న పిల్లలు 23 నుంచి 46 శాతానికి పెరిగారు.

మూడోది చట్టం. పద్దెనిమిది నిండనివాళ్ళకి పొగాకు, ఇరవై నిండనివాళ్ళకి మద్యం అమ్మకూడదు. పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లలు చలికాలంలో రాత్రి పది తర్వాత బయట తిరగకూడదు. నాలుగోది అన్నిటికంటే విసుగు పుట్టించేది, నాకు మాత్రం ప్రాణం: సర్వే. పేర్లు లేకుండా పిల్లలందరినీ అడిగి, కొద్ది నెలల్లోనే ఎవరి బడి అంకెలు వాళ్ళ చేతికిచ్చేవారు. దేశం సంగతి కాదు, మీ బడి సంగతి. దాన్ని చూసి అక్కడివాళ్ళే ఏం చెయ్యాలో తేల్చుకునేవారు. అదే ఇరవై ఏళ్ళు.

మాజీఖాకీ:
ఇరవై ఏళ్ళు! మా శాఖలో ఒక అధికారి ఒక చోట రెండేళ్ళుంటే గొప్ప. నేనొక చోట బడి గోడ వెనక అమ్మకం ఆపించాను, గోడ పక్కన లైటు వేయించాను, చుట్టుపక్కలవాళ్ళని సాయంత్రాలు అక్కడ కూర్చోమన్నాను. తగ్గింది. బదిలీ అయ్యాక లైటు మాడిపోతే ఎవరూ మార్చలేదని విన్నాను.

అమ్మేవాడి గురించి ఒక మాట. బడి గేటు దగ్గర నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నవాడెవడో వచ్చి అంటగడతాడని తల్లిదండ్రుల ఊహ. నేను పట్టుకున్నవాళ్ళలో చాలామంది ఆ పిల్లలకంటే రెండు మూడేళ్ళు పెద్ద, అంతే. తన ఖర్చు కోసం నలుగురికి అమ్మే వాడకందారు. పిల్లలకి వాడు అన్న.

గళ్ళచొక్కా:
సరే, కొట్టొద్దు, టీసీ వద్దు. మూత్ర పరీక్షలైనా పెట్టండి. నెలకోసారి ఎవరినంటే వాళ్ళని పిలిచి పరీక్షిస్తే భయం ఉంటుంది.

రాత్రిడ్యూటీ:
మీ ఆందోళన నాకు అర్థమవుతోంది సార్. కానీ మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2003లో, పరీక్షలు పెట్టే బళ్ళనీ పెట్టని బళ్ళనీ పోల్చి చూస్తే పిల్లల వాడకంలో తేడా కనబడలేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా బళ్ళలో ఈ పరీక్షలు వద్దనే అంటోంది. తరచూ తాగేవాళ్ళ మూత్రంలో గంజాయి జాడ వారాల తరబడి ఉంటుంది, పీల్చేవి మామూలు పరీక్షలో దొరకవు. పరీక్ష ఉందని తెలిస్తే కొందరు దొరికేది మాని దొరకని దానికి మారతారు, ఆ దొరకనిది ఇంకా ప్రమాదం. ఆట జట్లకి పరీక్ష పెడితే ఆడటం మానేస్తారు, అప్పుడు పీటీ సార్ మందు కూడా పోయినట్టే. డాక్టరు చికిత్స కోసం, పిల్లాడికి చెప్పి చేయించే పరీక్ష వేరు.

గళ్ళచొక్కా:
మరి నా కొడుకు పక్క బెంచీ సంగతి ఇంకా అలాగే ఉంది. పెద్దయ్యాక అందరూ బాగుంటారు సరే, ఈ ఏడాది వాడిని ఎలా కాపాడుకోవాలి?

అంకెలరాయుడు:
న్యాయమైన ప్రశ్న. ఈ ఏడాదికి సమాధానం తక్కువే ఉందనాలి. పక్క బెంచీ పిల్లాడిని కౌన్సెలర్‌కి అప్పగించి బళ్ళోనే ఉంచడం, మీవాడిని "వద్దు" అనడం సాధన చేయించడం. నిజంగానే సాధన, నాటకం వేసినట్టు. గిల్బర్ట్ బోట్విన్ తయారుచేసిన జీవన నైపుణ్యాల పాఠాలు అలాగే ఉంటాయి: మొదటి ఏడాది పదిహేను తరగతులు, రెండో ఏడాది పది, మూడో ఏడాది అయిదు. కోపం పట్టుకోవడం, గుంపులో ఒంటరిగా నిలబడటం, ప్రకటనల మాయ పసిగట్టడం.

ఒకటో తరగతి పిల్లలకైతే ఇంకా సులువు. తరగతిని జట్లుగా చేసి, అల్లరి తక్కువ చేసిన జట్టుకి చిన్న బహుమతి, అంతే ఆట. దాని గురించి 1969లో మొదటిసారి అచ్చయింది. 1985లో బాల్టిమోర్ బళ్ళలో ఒకటో తరగతి పిల్లలతో ఆడించి, వాళ్ళు ఇరవై ఏళ్ళకు చేరాక చూస్తే, మొదటి నుంచీ బాగా దుడుకుగా ఉన్న మగపిల్లల్లో మత్తు సమస్యలు స్పష్టంగా తగ్గాయి. ఆ ఆటలో మత్తుమందు అన్న మాటే లేదు.

ఇంకో జాగ్రత్త. దొరికిన పిల్లలందరినీ ఒక గదిలో చేర్చి "ప్రత్యేక తరగతి" పెట్టకండి. అలా చేర్చితే ఒకరి నుంచి ఒకరు నేర్చుకుని ఇంకా చెడతారని 1999లో డిషియన్ బృందం చూపించింది. విడివిడిగా పిలవండి.

నల్లబల్ల:
అందరికీ కృతజ్ఞతలు. ప్రిన్సిపాల్ గారితో గంటసేపు వాదించాను. ర్యాలీ ఉంటుంది, దాన్ని ఆపడం నా తరం కాలేదు. ఫొటోల ప్రదర్శన, ప్రసంగం పోయాయి. ఒడ్డునపడ్డా గారు ఒప్పుకుంటే ఆ సమయం టీచర్లకీ తల్లిదండ్రులకీ పెడతాం, పిల్లలు లేకుండా. ఏడో తరగతికి వారానికో పీరియడ్ జీవన నైపుణ్యాలు, చెప్పేది నేనూ ఇంకో టీచరూ. లెక్కల సార్ తన పీరియడ్ పోతోందని అలిగారు. వైట్‌నర్ పిల్లాడికి టీసీ ఆగింది. వాడి దగ్గర కూర్చున్నాను, రెండో జవాబు ఇంకా చెప్పలేదు, కానీ పారిపోలేదు.

మిగిలింది సర్వే. ప్రశ్నలు రాశాను, క్లాస్ టీచర్ల చేత పంచిపెట్టించి తీసుకుందామనుకుంటున్నాను. సరేనా?

అంకెలరాయుడు:
క్లాస్ టీచర్లు వద్దు. బయటివాళ్ళెవరైనా పంచాలి, పిల్లలే మడిచి పెట్టెలో వెయ్యాలి. పేరు, రోల్ నంబరు, సెక్షను ఏదీ అడగొద్దు. అసలు లేని మందు పేరొకటి పట్టికలో చేర్చండి. అది కూడా వాడామని రాసినవాళ్ళ కాగితాలు లెక్కలోంచి తీసెయ్యొచ్చు. ఫలితం వచ్చాక ఏ తరగతినీ వేలెత్తి చూపొద్దు, చూపితే వచ్చే ఏడాది నిజం రాదు.

వెనకబెంచి:
చేత్తో రాసే ప్రశ్నలు కూడా పెట్టొద్దు మేడమ్. మా రాత మా టీచర్లకి తెలుసు. ఇంకు రంగు కూడా. టిక్కులైతేనే నిజం పెడతాం, పెన్నులు మీరే ఇవ్వండి, అందరికీ ఒకే రకం.

నల్లబల్ల:
టిక్కులే. పెన్నులు ఆఫీసులో అడుగుతాను.